గుర్రప్పిల్ల ఒళ్లు రుద్దుకుంటుంటే ఏం చేయాలి? విశాఖ వాతావరణంలో దురద, మేత జాగ్రత్తలు

మా చుక్కకి రెండున్నరేళ్లు వచ్చిన ఏడు, వానలు మొదలైన పదిహేను రోజులకే తోక మొదట్లో వెంట్రుకలు రాలిపోయాయి. రోజూ పొద్దున షెడ్డు పక్కన సిమెంటు స్తంభానికి ఎర్రటి వెంట్రుకలు అంటుకుని కనిపించేవి. అందరం గడ్డినే అనుమానించాం. నెల రోజులు మేత మార్చి మార్చి పెట్టాం. దురద ఇసుమంత కూడా తగ్గలేదు.

చివరికి ఒక సాయంత్రం డాక్టరు గారు వచ్చి, ఫోన్ లైటు పొట్ట కింద వేసి "ఇటు వంగి చూడండి" అన్నారు. బొడ్డు దగ్గర నలకల్లాంటి నుసుములు, అంటే రక్తం తాగే సన్నటి పురుగులు, పదీ పదిహేను అతుక్కుని ఉన్నాయి. వేలితో రుద్దితే వేలికి రక్తం అంటింది. "మేత కాదండీ, మీరు మేపే టైమ్ మార్చండి" అన్నారాయన. అప్పటిదాకా ఎండ తగలకూడదని తెల్లవారుజామున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి మేపుతున్నాం. నుసుములు గుంపులుగా లేచేది ఆ వేళల్లోనే. పిల్లని పట్టుకెళ్లి వాటికి అప్పగించినట్టే అయింది.

బీచ్‌లో పిల్లల్ని ఎక్కించి తిప్పేవాళ్లయినా, పెళ్లి ఊరేగింపులకు పంపేవాళ్లయినా, సరదాగా ఒక పిల్లని పెంచుకుంటున్నవాళ్లయినా ఈ వరసలో చూసుకుంటే మాలాగా నెల పోగొట్టుకోరు.

మొదటి పని: ఎక్కడ రుద్దుకుంటోందో చూడండి

మందు గురించి ఆలోచించే ముందు పిల్లని వెలుతురులో నిలబెట్టి, జూలు పాయలు పాయలుగా విడదీసి చర్మం చూడండి. చోటును బట్టే సగం సంగతి తెలిసిపోతుంది.

జూలు కింద, తోక మొదట్లో, పొట్ట మధ్య గీత వెంబడి దురద ఉండి, వెంట్రుకలు తెగి బిరుసుగా నిలబడి, కింద చుండ్రులాంటి పొట్టు కనిపిస్తే నుసుములు కుట్టడం వల్ల వచ్చిన ఎలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. స్వీట్ ఇచ్ అనేది దీన్నే. సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్ల వయసులో మొదలవుతుంది. అందుకే పిల్లగా ఉన్నప్పుడు ఏమీ లేని గుర్రం ఒక వానాకాలంలో ఉన్నట్టుండి రుద్దుకోవడం మొదలుపెడుతుంది. ఒక్క తోక దగ్గరే రుద్దుకుంటుంటే కడుపులో నులిపురుగుల వల్ల కూడా కావచ్చు. డీవార్మింగ్ చేసి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోండి.

ఒళ్లంతా గంటల్లోనే ఉబ్బెత్తుగా దద్దుర్లు లేస్తే కొత్త మేతో, కొత్త మందో, ఏదైనా కుట్టడమో కారణం అయి ఉంటుంది. గుండ్రటి మచ్చల్లో వెంట్రుకలు ఊడి పొలుసులు కడితే తామర. అది చిన్న వయసు గుర్రాలకి త్వరగా వస్తుంది, మనకూ అంటుకుంటుంది. బ్రష్షు, జీను, పరుపు వేరే గుర్రానికి వాడకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. వీపు మీద చెక్కులు కట్టి, పీకితే వెంట్రుకలు కుంచె మొనలా కుచ్చుగా ఊడొస్తే వాన తడికి పెరిగే బాక్టీరియా పని.

ఇంకొకటి ఉంది. కాలి మీద వరసగా గడ్డలు లేచి, పగిలి, తేనెలాంటి చీము కారుతుంటే, లేదా ముక్కు నుంచి చిక్కటి చీమిడి వస్తుంటే చేత్తో ముట్టుకోవద్దు. గ్లాండర్స్ అయ్యే ప్రమాదం ఉంది. అది మనుషులకూ సోకుతుంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పాల్సిన జబ్బు. గుర్రాన్ని విడిగా కట్టేసి ఫోన్ చేయండి.

రెండో పని: మేపే వేళ మార్చండి

దీని మీదే నాకు నమ్మకం ఎక్కువ. ఈ నుసుముల శాస్త్రీయ నామం క్యూలికాయిడిస్. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటాయి, ఆడవే కుడతాయి. వాటి లాలాజలంలోని ప్రొటీన్లు పడని గుర్రానికి ఎలర్జీ వస్తుంది, పక్కనే ఉన్న ఇంకో గుర్రానికి ఏమీ కాదు. తడి మట్టిలో, పేడ కలిసిన బురదలో పెరుగుతాయి. తెల్లవారేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు గుంపులుగా లేస్తాయి. వాటికి గాలికి ఎదురు ఎగిరే బలం లేదు.

గాలి విషయంలో విశాఖ మనకి కలిసొచ్చే ఊరు. పగటి పూట సముద్రం మీద నుంచి గాలి వీస్తుంది. వానాకాలంలో పొద్దు బాగా ఎక్కాక, తొమ్మిదిన్నర పది గంటలకి, గాలి ఆడే ఎత్తయిన చోట మేపండి. సాయంత్రం నాలుగున్నరకల్లా షెడ్డులోకి తెచ్చేయండి. చెరువు గట్లు, గెడ్డ పక్కన పచ్చగా కనిపించే పల్లపు భూములు ఈ రోజుల్లో వద్దే వద్దు. మధ్యాహ్నం నీడ, మంచినీళ్లు తప్పనిసరి. ఈ ఉక్కలో గుర్రం బాగా చెమటోడుస్తుంది, ఉప్పు గడ్డ కూడా అందుబాటులో ఉంచండి.

షెడ్డులో ఫ్యాను పెట్టండి. చల్లదనానికి ఒక్కదానికే కాదు, ఆ గాలికి నుసుములు నిలవలేవు. వైర్లు గుర్రం నోటికి అందనంత ఎత్తులో ఉండాలి. మామూలు దోమతెర కన్నాల్లోంచి ఇవి దూరిపోతాయి, కాబట్టి బాగా సన్నటి వల కావాలి. పేడ రోజూ తీసి దూరంగా వేయండి. తొట్టి దగ్గర కారే నీళ్లు గుంటలా నిలిస్తే మట్టి పోసి పూడ్చండి.

మూడో పని: మేసే చోట ఒకసారి నడవండి

గుర్రాన్ని వదిలే ముందు ఆ స్థలమంతా కాలినడకన తిరగండి. ఖాళీ ప్లాట్లలో తెల్లటి చిన్న పూలతో వయ్యారిభామ ఉంటుంది. ఇది మన చర్మానికి ఎలా పడదో పశువుల చర్మానికీ అలాగే పడదు. మూతి, పొట్ట, కాళ్ల కింది భాగం కందితే ముందు దీన్ని అనుమానించండి. పూత రాకముందే పీకించండి, పీకేవాళ్లకి గ్లవ్స్ ఇవ్వండి.

తలంబ్రాల చెట్టు అని మనం పిలిచే లాంటానా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కాలేయం దెబ్బతింటే మొక్కల్లోని పచ్చదనం కడుపులో విరిగితే వచ్చే పదార్థం బయటికి పోక ఒంట్లో పేరుకుని, ఎండ తగిలినప్పుడు చర్మం మండిపోతుంది. ముక్కు మీద తెల్ల మచ్చ, కాళ్ల తెల్ల భాగం మాత్రమే ఎర్రబడి పొక్కి, నల్ల చర్మం మామూలుగా ఉంటే ఆ గుర్రాన్ని ముందు నీడలోకి తెచ్చి, డాక్టరుతో కాలేయానికి రక్త పరీక్ష చేయించండి.

గన్నేరు విషయంలో మాత్రం టెన్షన్ పడటం తప్పు కాదు. రోడ్డు మధ్య డివైడర్లలో, ఇళ్ల ప్రహరీల పక్కన పూల కోసం పెంచుతారు. కొద్దిపాటి ఆకులు తిన్నా గుర్రం గుండె ఆగిపోవచ్చు. ఎండిన ఆకులో కూడా విషం పోదు. కత్తిరించి పడేసిన గన్నేరు కొమ్మలున్న చెత్త దగ్గర గుర్రాన్ని ఆపనే ఆపకండి. ఆముదం గింజలు కూడా అంతే ప్రమాదం.

పార్కుల్లో మెషీన్‌తో కోసిన లాన్ గడ్డి ఉచితంగా ఇస్తారని తెచ్చి పోయకండి. కుప్పగా ఉన్న గడ్డి తొందరగా వేడెక్కి పులుస్తుంది, కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోగలిగే జంతువు కాదు, లోపలికి వెళ్లింది బయటికి రాదు. బీచ్ పక్క ఇసుక నేలలో గడ్డిని వేళ్లతో సహా లాక్కుని తింటే ఇసుక పేగుల్లో పేరుకుంటుంది. అలాంటి చోట మేపడం మాని, గడ్డి తొట్టిలోనో రబ్బరు మ్యాట్ మీదో వేయండి.

నాలుగో పని: తొట్టిలో ఏముందో చూడండి

దురదకి సంబంధం లేకపోయినా, పెరిగే పిల్ల విషయంలో ఇది చెప్పకుండా ఉండలేను. మన దగ్గర చాలామంది నేపియర్ గడ్డి, దానికి తోడు తవుడు పెడతారు. నేపియర్‌లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. రెండూ కలిస్తే ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. ముఖం ఎముకలు ఉబ్బడం, కుంటడం కనిపించేసరికి ఆలస్యం అయిపోతుంది. గరిక లాంటి మెత్తటి గడ్డి, ఎండు గడ్డి ముఖ్య మేతగా పెట్టి, తవుడు తగ్గించి, కాల్షియం ఎంత కలపాలో డాక్టరుని అడగండి. కోళ్ల దాణా ఒక్క గుప్పెడు కూడా వద్దు. కొన్ని దాణాల్లో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రాల ప్రాణం తీస్తుంది.

మేత వల్లే ఎలర్జీ అని అనుమానం గట్టిగా ఉంటే ఒకసారికి ఒక్కటే మానిపించి నాలుగు వారాలు ఆగి చూడండి. ఒకేసారి మూడు మారిస్తే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు. కొత్త మేత వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా కలపాలి.

ఐదో పని: ఒంటికి రాసేవి

చల్లటి మంచినీళ్లతో కడిగితే దురదకి వెంటనే హాయిగా ఉంటుంది. సముద్ర స్నానం చేయిస్తే తర్వాత మంచినీళ్లతో ఉప్పంతా పోయేలా కడిగి, ఆరనివ్వండి. వేప నూనె నేరుగా రాయకండి, కొబ్బరి నూనెలో కొద్దిగా కలిపి ముందు అరచేయంత చోట రాసి ఒక రోజు చూడండి. వాడేసిన ఇంజన్ ఆయిల్, కిరోసిన్ రాసే అలవాటు ఇంకా ఉంది. దయచేసి మానేయండి, అది చర్మాన్ని కాల్చేస్తుంది.

ఆవులకి, కుక్కలకి పిడుదుల కోసం వాడే అమిత్రాజ్ మందు గుర్రం మీద పోయకూడదు. పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. సీసా మీద పేరు చదవకుండా ఏదీ వాడకండి.

రుద్దుకుని పుండు పడితే ధనుర్వాతం టీకా వేయించారో లేదో చూసుకోండి. గుర్రాలకి ధనుర్వాతం చాలా సులువుగా వస్తుంది.

డాక్టరుని ఎప్పుడు పిలవాలి?

మూతి, కళ్లు ఉబ్బి ఊపిరి కష్టంగా తీస్తుంటే ఒక్క నిమిషం ఆగకండి. పుండ్లు పెద్దవైనా, వారం రోజుల్లో తగ్గకపోయినా పిలవండి. దగ్గరలో డాక్టరు లేకపోతే పశువుల అంబులెన్సు నంబరు 1962. తామరో గజ్జో తేలాలంటే చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూడాలి, ఆ పరీక్ష అడగండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒక్కరోజులో దురద ఆపుతుంది గానీ, కొన్ని గుర్రాల్లో డెక్కల లోపల వాపు తెచ్చి కుంటిని చేయగలదు. మందుల షాపులో కొని మీరే పొడవకండి.

స్వీట్ ఇచ్ పూర్తిగా నయమయ్యేది కాదు, ఏటా వానలతో తిరిగొస్తుంది. అందుకే ఇప్పుడు మేం మే నెల మధ్యలోనే షెడ్డు చుట్టూ గుంటలు పూడ్చి, ఫ్యాను తుడిచి, వల బిగిస్తున్నాం. పోయిన వానాకాలం అయ్యాక చుక్క తోక మొదట్లో వేలు పెట్టి చూస్తే కొత్త వెంట్రుకలు మెత్తగా తగిలాయి. స్తంభం దగ్గర మాత్రం రోజూ పొద్దున ఇప్పటికీ చూస్తాను. ఒక్క ఎర్ర వెంట్రుక కనిపించినా ఆ రోజు మేతకి ఇంకో గంట ఆలస్యంగా వదులుతాను.