ఊరంతా కాదు, ముందు ఒక్క వీధి: కొత్త డెజర్ట్ షాపులు, చిన్న రెస్టారెంట్లు చూసే పద్ధతి

సాయంత్రం ఆకలేస్తుంది, ఫోన్ తీస్తాం, రేటింగ్ ఎక్కువున్నది ఏదో వెతుకుతాం, అది ఊరికి ఆ చివర ఎక్కడో ఉంటుంది, గంటసేపు ట్రాఫిక్‌లో పడి వెళ్తే అక్కడ ఇంకో నలభై నిమిషాలు క్యూ. ఇంత అవస్థ పడ్డాక తిన్నది మామూలుగా ఉన్నా "బాగుంది" అనే అంటాం, అనకపోతే వచ్చినందుకు మన మీద మనకే కోపం వస్తుంది. నేనూ ఇలా చాలా ఆదివారాలు పోగొట్టుకున్నాను. ఒకసారి చాక్లెట్ గోళం మీద వేడి చాక్లెట్ పోస్తే అది కరిగిపోయి లోపలి కేక్ బయటపడే డెజర్ట్ ఒకటి ఫోటోల్లో చూసి, ముగ్గురు స్నేహితుల్ని బతిమాలి మరీ తీసుకెళ్ళాను. గోళం కరిగింది, వీడియో బ్రహ్మాండంగా వచ్చింది, లోపలి కేక్ మాత్రం రెండు రోజులు ఫ్రిజ్‌లో ఎండినట్టుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ. వాళ్ళు ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నారు.

అప్పటినుంచి షాపుని ఎంచుకోవడం మానేసి వీధిని ఎంచుకోవడం మొదలుపెట్టాను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. లాస్ ఏంజెలెస్‌లో జోనథన్ గోల్డ్ అని ఒక ఆహార విమర్శకుడు ఉండేవారు. 1980ల మొదట్లో, ఇంకా ఎవరికీ తెలియని కుర్రాడిగా ఉన్నప్పుడే, పీకో బులెవార్డ్ అనే పొడవాటి రోడ్డు మీద ఉన్న ప్రతి చోటా ఒక్కసారైనా తినాలని పెట్టుకుని, నగరం నడిబొడ్డు నుంచి సముద్రం వైపుగా తింటూ వెళ్ళారు. తర్వాత కూడా ఎక్కువగా ఇలాంటి చిన్నచిన్న చోట్ల గురించే రాశారు, 2007లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు. రెస్టారెంట్ల గురించి రాసేవాళ్ళలో అది వచ్చిన మొదటి మనిషి ఆయనే.

మీరు అంత పెద్ద రోడ్డు పెట్టుకోనక్కర్లేదు. నడిచి తిరగగలిగేంత దూరం, పదీ పదిహేను తిండి దుకాణాలుండే ఒక వీధి చాలు. మొదటిరోజు ఏమీ తినకుండా ఊరికే ఈ చివర నుంచి ఆ చివరికి నడవండి. ఎక్కడ జనం కూర్చుని తింటున్నారు, ఎక్కడ ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతున్నారు, ఎక్కడ ఒక్కళ్ళే వచ్చి మెనూ చూడకుండా ఆర్డర్ చెబుతున్నారు, ఇవన్నీ గమనించండి. మెనూ చూడకుండా చెప్పేవాళ్ళున్న చోటు నాకు ఏ స్టార్ల కంటే ఎక్కువ నమ్మకం. అలాగే చిన్న వంటగది, నలుగురు మనుషులు, మెనూలో రెండొందల రకాలు ఉంటే అందులో సగం ఎప్పుడో వండి పెట్టి వేడిచేసి ఇచ్చేవే అనుకోండి. ఇరవై రకాలుంటే ఆ ఇరవై వాళ్ళు రోజూ చేస్తుంటారని ఆశ పెట్టుకోవచ్చు.

రేటింగులు చూడొద్దని కాదు, చూసే తీరు మార్చండి. పదిమంది ఇచ్చిన ఐదు స్టార్లకంటే వెయ్యిమంది ఇచ్చిన నాలుగుంపావే నయం, ఎందుకంటే ఆ పదిమందీ చుట్టాలే కావచ్చు. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదవండి, వంటమనిషి మారిన చోట రెండేళ్ళ కిందటి పొగడ్త దేనికీ పనికిరాదు. ఒక స్టార్ ఇచ్చినవాళ్ళు కోపంలో రాస్తారు, ఐదు ఇచ్చినవాళ్ళు మురిపెంలో రాస్తారు. మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళే "ఇది బాగుంది, అది మాత్రం వద్దు" అని పనికొచ్చే మాట చెబుతారు. షాపు పెట్టిన ఫోటోలు వదిలేసి తిన్నవాళ్ళు తీసినవి చూడండి. ఇంటికి తెప్పించుకున్నవాళ్ళ ఫిర్యాదుల్ని మాత్రం వేరుగా చూడాలి, మూత పెట్టిన డబ్బాలో అరగంట ఆవిరి పట్టాక ఏ వేపుడైనా మెత్తబడుతుంది, అది వంటవాడి తప్పు కాదు.

ఇక పెద్ద పేర్లున్న అవార్డుల సంగతి. 1900లో ఒక టైర్ల కంపెనీ కారు ప్రయాణికుల కోసం మొదలుపెట్టిన మిషెలిన్ గైడ్ 1926 నుంచి స్టార్లు ఇస్తోంది. తక్కువ ఖర్చులో మంచి తిండి పెట్టేవాళ్ళకి ఆ కొలత సరిపోదని వాళ్ళకే అనిపించిందేమో, 1997లో బిబ్ గూర్మాన్ అని వేరే గుర్తింపు పెట్టారు. మనం తిరిగే చిన్న చోట్లకి ఆ రెండోదే దగ్గర, కానీ చాలా వీధులకి ఇలాంటి గైడ్లేవీ రానే రావు. మన కాళ్ళే వెళ్ళాలి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, రద్దీ మొదలయ్యే ముందు. నూనె తాజాగా ఉంటుంది, వంటవాళ్ళకి ఓపిక ఉంటుంది, మీరు ఏదైనా అడిగితే చెప్పడానికి తీరిక ఉంటుంది. మూసేసే ముందు అరగంటలో వెళ్ళి "ఏం బాగాలేదు" అని రాయడం అన్యాయం. శని, ఆదివారాల్లో మాత్రం ఒక తిరకాసు ఉంది: జనం ఎక్కువ కాబట్టి వంటగది తడబడుతుంది, అదే జనం వల్ల కేకులు, పేస్ట్రీలు గంటగంటకీ అయిపోయి కొత్తవి వస్తుంటాయి. అందుకని నేను రెస్టారెంట్లకి వారం మధ్యలో, కేకు షాపులకి సెలవురోజు పొద్దున్నే వెళ్తాను. "ఈరోజు చేసినవి ఏవి?" అని నేరుగా అడగండి, నిజంగా చేసేవాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు, "అన్నీ ఫ్రెష్షే" అంటే ఇంకో ప్రశ్న అడగాలి.

ఇప్పుడు అసలు విషయం, ఏం ఆర్డర్ చెయ్యాలి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు కదా, ఆ మెతుకు మెనూలో అన్నిటికంటే సాదాగా ఉన్నది. ఐస్‌క్రీమ్ షాపులో అది వెనిల్లా. దానిమీద సాస్ ఉండదు, గింజలు ఉండవు, బిస్కెట్ ముక్కలు ఉండవు, కాబట్టి పాలు, మీగడ, చక్కెర ఎలాంటివో దాచడానికి చోటే లేదు. కప్పు చేతిలోకి తీసుకోగానే బరువు చూడండి. ఐస్‌క్రీమ్ చేసేటప్పుడు అందులోకి గాలి కొడతారు, దాన్ని ఓవర్‌రన్ అంటారు. చవక రకాల్లో అది 100 శాతం దాకా ఉంటుంది, అంటే కప్పులో సగం గాలే. ఇటలీ తరహా ఐస్‌క్రీమ్ అయిన జెలాటోలో గాలి బాగా తక్కువ, అందుకే అది చిన్నగా కనిపించినా బరువుగా, చిక్కగా ఉంటుంది. నాలుక మీద చల్లటి రవ్వల్లా కరకరలాడితే మంచు పలుకులు పెరిగాయన్నమాట, ఒకసారి మెత్తబడి మళ్ళీ గడ్డకట్టిన సరుక్కి ఇలా అవుతుంది. ఇంకో సంగతి, చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది, కాబట్టి చివరి రెండు చెంచాలు కరగనిచ్చి తాగి చూడండి. వెగటుగా ఉంటే చక్కెరతో నెట్టుకొస్తున్నారు. రంగు కూడా అబద్ధం చెబుతుంది: మెరిసిపోయే ఆకుపచ్చ పిస్తా, నిమ్మపండులాంటి పసుపు అరటి కనిపిస్తే అది రంగు డబ్బా పుణ్యం. నిజమైన పిస్తా కాస్త గోధుమరంగు కలిసిన పాలిపోయిన ఆకుపచ్చ, అరటి అయితే తెలుపు, బూడిద రంగుల మధ్య ఉంటుంది.

రుచి చూడ్డానికి చిన్న చెంచాలు ఇస్తారు కదా అని పది అడక్కండి, వెనక క్యూ ఉంటే మరీను. మూడు చాలు. పళ్ళవి ముందు, పాలవి తర్వాత, చాక్లెట్, కాఫీ ఆఖర్న, మధ్యలో మంచినీళ్ళు. చాక్లెట్ ముందు తింటే మిగతావన్నీ చప్పగా తోస్తాయి.

కేకుల్లో చూడాల్సింది క్రీమ్. నోట్లో పెట్టుకోగానే కరిగి మాయమైతే పాలదో వెన్నదో అయ్యుండాలి. మింగేశాక కూడా అంగిట్లో మైనంలా పొర మిగిలితే అది నూనెతో చేసిన క్రీమ్ కావడానికే ఎక్కువ అవకాశం. మంచి చాక్లెట్ అలా మిగలదు, అందులోని కొకోవా వెన్న దాదాపు 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడికంటే కాస్త తక్కువకే కరిగిపోతుంది. వెన్న క్రీమ్ కేకు ఫ్రిజ్‌లోంచి తీసి చేతికిస్తే వెంటనే తినకుండా పది నిమిషాలు ఆగండి, గట్టిగా ఉన్నప్పుడు దాని రుచి తెలీదు.

రెస్టారెంట్‌లో నేను ఒక సూప్, ఒక వేపుడు, అక్కడ ఎక్కువ అమ్ముడుపోయేది ఒకటి చెబుతాను. "ఏది బాగుంటుంది?" అని అడిగితే ఖరీదైనదో, మిగిలిపోయేదో చెప్పే అవకాశం ఉంది. "పొద్దుట్నుంచి ఏది ఎక్కువ వెళ్ళింది?" అని అడిగితే సర్వర్‌కి కూడా ఆలోచించాల్సిన పని ఉండదు. వేపుడు రాగానే వాసన చూడండి, ముదురు రంగు, మాడు వాసన, తిన్నాక పెదాలకి జిడ్డు ఉంటే నూనె చాలాసార్లు కాగిందని అర్థం. కారం ఎక్కువైతే నీళ్ళు తాగి లాభం లేదు, పాలో పెరుగో తీసుకోండి, పాలలో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ కారాన్ని పట్టుకుని నాలుక మీంచి లాగేస్తుంది.

వండి బయట పెట్టినవి తినేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క గుర్తుంచుకోండి: వేడిది 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపల ఉండాలి, మామూలు గది వేడిలో రెండు గంటలకి మించి ఉండకూడదు. మన దగ్గర థర్మామీటర్ ఉండదు కానీ ఆవిరి రాని కూర, అద్దాల పెట్టెలో నీరుకారుతున్న క్రీమ్ కేకు కంటికే తెలుస్తాయి. గింజలు, పాలు, గుడ్డు పడనివాళ్ళు ఐస్‌క్రీమ్ షాపుల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఒకే గరిటె అన్ని తొట్లలోనూ తిరుగుతుంది. కడిగిన గరిటెతో కొత్త తొట్టిలోంచి తియ్యమని అడగండి, మొహమాటపడకండి. అలర్జీ గట్టిగా ఉన్నవాళ్ళు ఆ షాపు వదిలెయ్యడమే మేలు.

ఒకరోజులో ఎన్ని చోట్లకి వెళ్ళొచ్చు? నా లెక్కలో రెండు, మహా అయితే మూడు. ఒకే రకం తింటున్నకొద్దీ దాని మీద మోజు తగ్గుతుంది, వేరే రకం మీద మాత్రం అంతగా తగ్గదు. బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 1981లో దీన్ని ప్రయోగాలతో చూపించారు. భోజనం చేసి పొట్ట పట్టుకుని కూర్చున్నాక కూడా డెజర్ట్‌కి చోటు దొరికేది ఇందుకే. వరసగా నాలుగు ఐస్‌క్రీమ్ షాపులు తిరిగితే నాలుగోవాడు ఎంత బాగా చేసినా మీ నాలుక్కి నచ్చదు, పాపం వాడి ఖర్మ. ఒక తీపి, ఒక కారం, మళ్ళీ ఒక తీపి, ఇలా మార్చుకోండి. డెజర్ట్ కోసమే వెళ్తున్నప్పుడు దాన్ని ముందు తినండి, భోజనం ఆ తర్వాత చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళకి నచ్చకపోవచ్చు.

తోడుగా ముగ్గురు నలుగురు ఉంటే మంచిది, ఒక్కో ప్లేటు పంచుకుంటే తక్కువ తిని ఎక్కువ రకాలు చూడొచ్చు. అయితే "నా ప్లేటు నాది" అనే స్నేహితుణ్ణి ఈ పనికి తీసుకెళ్ళకండి, సినిమాకి తీసుకెళ్ళండి.

తిన్నాక షాపులోంచి బయటికి రాకముందే ఫోన్‌లో రెండు మూడు ముక్కలు రాసుకోండి: ఏం తిన్నారు, ఏ పూట, మళ్ళీ వస్తే ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు. పదికి ఎన్ని అని మార్కులు వెయ్యడం నాకు పడదు, నెల తర్వాత చూస్తే ఆ ఏడు ఎందుకు ఏడో గుర్తుండదు. నచ్చిన చోటికి ఇంకోసారి, వేరే పూట వెళ్ళాకే నలుగురికీ చెప్పండి. నచ్చని చోటుని కూడా ఒక్కసారితో కొట్టెయ్యకండి, తిండి పాడైతే తప్ప. నేను చప్పగా ఉందని వదిలేసిన ఒక సూప్ షాపుకి వాన పడుతుంటే తలదాచుకోడానికి రెండోసారి వెళ్ళాను, అప్పుడు బల్ల మీద ఉప్పు, మిరియాలు, నిమ్మరసం ఉన్నాయని చూశాను. కలుపుకుని తినాలట. మొదటిసారి అవన్నీ నా బ్యాగు వెనకాల ఉన్నాయి.