బజ్జీల నూనె, గుడ్డు పెంకులు, ఒక లీటరు బయోడీజిల్

గాజువాకలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా అసిస్టెంట్‌గా చేస్తున్నాను. వాడేసిన వంట నూనెతో బయోడీజిల్ (నూనె నుంచి చేసే డీజిల్ లాంటి ఇంధనం) ఎలా చేయాలని ప్రాజెక్టు పిల్లలు ఏటా అడుగుతుంటే ఇక రాసి పెట్టేద్దామనిపించింది. ఇది వంటింట్లో చేసే పని కాదు. ఇందులో నూనెతో కలిపే మిథనాల్ అనే ఆల్కహాల్ విషం, పైగా దాని మంట పగటి వెలుగులో సరిగా కనబడదు కూడా. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే ల్యాబ్ అర), గ్లవ్స్, కళ్లద్దాలు ఉంటేనే మొదలుపెట్టండి.

నూనె మా వీధి చివర బజ్జీల బండి మామ్మ ఇస్తుంది. "ఈ నల్ల నూనె ఏటి చేసుకుంటావే?" అని మొదటిరోజు తెగ నవ్వింది. పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టేవి) 25 శాతం దాటిన నూనె వంటకు వాడకూడదని 2018 జులై నుంచి రూలు ఉంది. మామ్మ దగ్గర మీటరేమీ లేదు, మూకుడులో నురగ ఆగకపోతే మార్చేస్తుంది.

ఆ నూనెను గుడ్డలో వడకట్టి మడ్డి తీసేయండి. 110 డిగ్రీల దగ్గర చిటపటలు ఆగేదాకా కాచండి. నీరు మిగిలితే సబ్బు తయారవుతుంది. చల్లారాక 1 మి.లీ. నూనెను 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, రంగు మారి చూపించే ఫినాఫ్తలీన్ వేసి, లీటరు నీటికి 1 గ్రాము సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన ద్రావణంతో టైట్రేట్ చేయండి, అంటే గులాబీ రంగు నిలిచేదాకా చుక్కచుక్కగా పోయండి. ఆ ద్రావణం 1 మి.లీ. పడితే నూనెలో విడి ఆమ్లం సుమారు 0.77 శాతం ఉన్నట్టు. 2 మి.లీ. దాటితే నేను ఆ నూనె పక్కన పెట్టేస్తాను.

ఇక ఉత్ప్రేరకం, అంటే చర్యను వేగంగా జరిపించే పొడి. నూడుల్స్ బండి దగ్గర గుడ్డు పెంకులు కావలసినన్ని దొరుకుతాయి. ఉడికించి, లోపలి పొర ఒలిచి, ఎండబెట్టి, పొడి కొట్టండి. మఫిల్ ఫర్నేస్‌లో (ల్యాబ్ కొలిమి) 900 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచండి. కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. మన పెద్దవాళ్లు గుల్ల సున్నం కాల్చింది ఇలాగే కదా. తూకం వేస్తే సంగతి తెలిసిపోతుంది: 100 గ్రాముల పొడి 56 గ్రాములకు దగ్గరగా రావాలి. 70 దగ్గర ఆగితే ఇంకా కాలలేదన్నమాట.

నేను బోల్తా పడింది ఇక్కడే. ఒక ఆగస్టులో కాల్చిన పొడి ఉన్న క్రూసిబుల్ (వేడికి తట్టుకునే గిన్నె) బల్ల మీద మూత లేకుండా వదిలేసి ఇంటికి పోయాను. వైజాగ్ గాలి సంగతి తెలిసిందేగా, పచ్చళ్లకే బూజు పట్టిస్తుంది. తెల్లారేసరికి పొడి తేమ పీల్చుకుని ఉబ్బి మెత్తగా అయిపోయింది. అదే వాడాను, బ్యాచ్ మొత్తం పాడైంది. ఇప్పుడు వేడి పూర్తిగా తగ్గకముందే డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్ర) పెట్టేస్తున్నా.

లీటరు నూనెకు 46 గ్రాముల పొడి, సుమారు అర లీటరు మిథనాల్ కావాలి. ముందు పొడిని మిథనాల్‌లో కాసేపు కలపండి, తర్వాత నూనె పోయండి. ఆవిరిని చల్లార్చి వెనక్కి దింపే కండెన్సర్ బిగించి, 60 డిగ్రీలు దాటనివ్వకుండా 3 గంటలు గట్టిగా కలపాలి. మిథనాల్ 64.7 దగ్గరే మరుగుతుంది. పొడి అడుగున పేరుకుంటే ఎంతసేపు ఉంచినా లాభం లేదు.

ఫిల్టర్ పేపర్ మీద పొడి వడకట్టి, మిగతాది సెపరేటింగ్ ఫన్నెల్‌లో (అడుగున కుళాయి ఉన్న గాజు గరాటు) రాత్రంతా ఉంచండి. అడుగున ముదురు గోధుమ రంగులో గ్లిజరాల్, పైన తేనె రంగులో బయోడీజిల్ తేరుకుంటాయి. గ్లిజరాల్ దింపాకే బయోడీజిల్‌లో మిగిలిన మిథనాల్‌ను స్వేదనం చేసి తీయాలి. కాల్షియం కొద్దిగా కరిగి ఉంటుంది, సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లతో ఒకసారి కడిగి ఆరబెట్టండి.

చివరిగా 3 మి.లీ. బయోడీజిల్‌ను 27 మి.లీ. మిథనాల్‌లో పోసి ఊపండి. అడుగున నూనె చుక్కలు కనబడితే మళ్లీ మొదటికే. తేటగా కరిగినా బండి ట్యాంకులో మాత్రం పోయకండి, దానికి ఐఎస్ 15607 (బయోడీజిల్‌కు మన దేశ ప్రమాణం) ప్రకారం పరీక్షలన్నీ కావాలి.

వడకట్టిన పొడిని మిథనాల్‌తో కడిగి మళ్లీ కాలిస్తే ఇంకో మూడు నాలుగు సార్లు పనిచేస్తుంది. గ్లిజరాల్‌లో మిథనాల్ ఉంటుంది, దాంతో సబ్బు చేస్తామని ఇంటికి పట్టుకెళ్లకండి. నూనె డబ్బా మాత్రం కడిగి మామ్మకి తిరిగి ఇచ్చేయండి.