అంకెలు చదవడంలోనే మీటింగు అయిపోతోందా?

విజయనగరంలో జరిగే మా నెలవారీ సమీక్షకు రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి నుంచి మనుషులు వస్తారు. ఒక్కొక్కరూ నిలబడి అంకెలు చదివేసరికి భోజనాల వేళ అయ్యేది. తేల్చవలసిన సంగతి వచ్చే నెలకు పోయేది.

ఇప్పుడిలా చేస్తున్నాం. ముందురోజు సాయంత్రం 5 గంటలలోపు ప్రతి శాఖా తన అంకెలను వాట్సాప్‌లో పంపాలి. అన్నిటినీ ఒకే ఏ4 కాగితం మీదికి ఎక్కించి, మనిషికొక ప్రతి తీయిస్తాం. మీటింగు మొదట్లో 7 నిమిషాలు అందరూ మౌనంగా చదువుకోవడమే. మొదటిసారి పరీక్ష హాలులా ఉంటుంది, కంగారు పడకండి. ఆ తరువాత ఎవరూ అంకెలు చదవరు.

మాట్లాడేవారికి తలా 4 నిమిషాలు. ‘బొబ్బిలికి ఇంకో వాహనం కావాలి’ అని మొదటి వాక్యంలోనే అడిగేయాలి, కారణాలు తరువాత. అజెండాలో కూడా ‘వాహనాలు’ అని రాయకుండా ‘బొబ్బిలికి వాహనం ఇద్దామా, వద్దా?’ అని రాస్తే చర్చ పక్కదారి పట్టదు. తేలినది, చేయవలసిన వారి పేరు, గడువు తేదీ అక్కడికక్కడే కాగితం వెనక రాసుకోవాలి. తరువాత ఎవరో రాసి పంపుతారులే అనుకుంటే అది రాదు.

ఒక్క జాగ్రత్త: ఎవరి పనిలోనైనా లోపం గురించి మాట్లాడాలంటే దాన్ని ఈ కాగితంలో పెట్టకండి. తన తప్పును అందరి చేతుల్లో చూసిన మనిషి ఇక నోరు విప్పడం కష్టం. అలాగే నెలాఖరు మర్నాడు అంకెలు ఇంకా మారుతూనే ఉంటాయి కనుక ఆ రోజు ఈ పద్ధతి పనికిరాదు. మీటింగు రెండు రోజులు ఆగి పెట్టుకోవడమే మేలు.