మాల్దీవుల్లో చిన్న దీవికి టీచరుగా వస్తున్నారా? ముందు నీళ్ల సంగతి చూసుకోండి

మన వైపు నుంచి ఇక్కడికి టీచర్లుగా వచ్చేవాళ్లు జీతం గురించి, రూము గురించి అడుగుతారు. నేను మాత్రం ముందు నీళ్ల గురించే చెబుతాను. ఈ దేశంలో దాదాపు 80 శాతం నేల సముద్రమట్టానికి మీటరు ఎత్తు కూడా ఉండదు. దీవులు ఎప్పుడు మునుగుతాయని బయటివాళ్లు లెక్కలు వేస్తుంటారు. అంతదాకా ఆగక్కర్లేదు, బావులు ఇప్పటికే ఉప్పుదేలుతున్నాయి.

ఇసుకలో ఇంకిన వాన కింద ఉన్న ఉప్పునీటి మీద పొరలా తేలుతుంది. సముద్రమట్టానికి పైన అడుగు మంచినీరు నిలిస్తే, సూత్రం ప్రకారం కింద 40 అడుగులు ఉండాలి. అంటే పైన కొంచెం తగ్గినా కింద బోలెడు పోతుంది. ఒడ్డు కోసుకుపోయినా, అలలు ఊళ్లోకి వచ్చినా ఈ పొరకే దెబ్బ. 2004 సునామీకి ఎన్నో దీవుల్లో బావులు ఒక్కరోజులో పాడయ్యాయి.

కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు కప్పు చూడండి. చదరపు మీటరు రేకు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 40 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 2,000 లీటర్లు. కారిపోయేది, చిందిపోయేది తీసేస్తే 1,600 చేతికొస్తాయి. నలుగురికి తాగడానికి, వంటకి రోజుకి 20 లీటర్లు వేసుకోండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎండాకాలం, ఆ నాలుగు నెలలకి 2,400 లీటర్లు కావాలి. 2,500 లీటర్ల ట్యాంకు డిసెంబరు ఆఖరికి నిండుగా ఉంటే టెన్షన్ లేదు.

ఎండాకాలం తర్వాత పడే మొదటి వాన పట్టకండి. గట్టర్‌లో బాదం ఆకులు కుళ్లి ఉంటాయి, కాకి రెట్టలు కూడా. మొదట వచ్చే నీళ్లు టీ డికాషన్ రంగులో దిగుతాయి. ట్యాంకులోకి వెళ్లే పైపు పక్కకి తిప్పి, కనీసం రెండు మూడు బకెట్లు మొక్కలకి వదిలేయండి. నీళ్లు తేటబడ్డాకే పైపు ట్యాంకులో పెట్టండి. మూతకి, పైపు నోటికి సన్నటి దోమతెర కట్టి తీరాలి, డెంగీ ఇక్కడా ఉంది. ట్యాంకుని గట్టి దిమ్మ మీద ఎత్తుగా పెట్టించమని ఓనర్‌ని అడగండి. అలలు పెరట్లోకి వచ్చిన రోజు దాని విలువ తెలుస్తుంది.

బావి నీళ్లు స్నానానికి, బట్టలకి. సెప్టిక్ ట్యాంకులు దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి తాగడానికి పనికిరావు. మోటారు గంటల తరబడి వేయొద్దు. గట్టిగా లాగితే కింది ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. కొంచెం కొంచెంగా తోడుకోండి. సముద్రం బావిలోకి వచ్చిపోయాక, ఉప్పు పోతుందని మొత్తం తోడేసే పని అసలు పెట్టుకోకండి, ఇంకా ఉప్పు లాక్కొస్తారు. వానలు కడగాల్సిందే. కాచినా ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది.

సముద్రపు నీటిలో ఉప్పు తీసే ప్లాంటు నీళ్లు కుళాయిలో వస్తున్నా ఈ వాన ట్యాంకు వదులుకోకండి. 2014 డిసెంబరులో రాజధాని మాలేలోని ప్లాంటులో మంటలు లేస్తే లక్ష మందికి పైగా కుళాయి నీళ్లు లేవు. మన దేశం విమానాల్లో, ఓడల్లో నీళ్లు పంపింది.

సైన్సు టీచరైతే ఇంకో పని చేయండి. నీటి వాహకత, అంటే కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిచే చిన్న మీటరు తెచ్చుకోండి; ఉప్పు పెరిగితే ఆ అంకె పెరుగుతుంది. నెలకోసారి పిల్లలతో నాలుగైదు బావులు కొలిపించి, తేదీ వేసి, నోటుబుక్కులో రాయించండి. సెంటీమీటరుకి 2,500 మైక్రోసీమెన్స్ (వాహకత కొలమానం) దాటిన బావికి గుర్తు పెట్టండి. ప్రపంచం వదిలే పొగలో ఈ దేశం వాటా లెక్కకే రానంత, అయినా బావులు పోగొట్టుకుంటున్నది ఈ పిల్లలు. ఆ పుస్తకం కాపీ ఏటా ఎండాకాలానికి ముందే దీవి కౌన్సిల్‌కి ఇవ్వండి, నీళ్ల పడవ కోసం అడిగేటప్పుడు వాళ్ల చేతిలో అంకెలు ఉంటాయి.