థైమ్‌లీఫ్ పేజీకి ఎస్ఎస్ఈ ఈవెంట్లు ఆగి ఆగి వస్తున్నాయా? ముందు వరుసలు లెక్కపెట్టండి

స్ప్రింగ్ వెబ్‌ఫ్లక్స్ (జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్), థైమ్‌లీఫ్ (హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్ ఇంజిన్) కలిపి ఎస్ఎస్ఈ, అంటే తెరిచి ఉంచిన ఒకే కనెక్షన్ మీద సర్వర్ నుంచి బ్రౌజర్‌కి వచ్చే ఈవెంట్లు, పంపేవాళ్ళు నా దగ్గరికి తెచ్చే సమస్య దాదాపు ఎప్పుడూ ఒకటే. పేజీ తెరుచుకుంటుంది, నెట్‌వర్క్ ట్యాబ్‌లో 200 కనబడుతుంది, కనెక్షన్ తెరిచే ఉంటుంది, కానీ టేబుల్‌లో కొత్త వరుస ఒక్కటీ రాదు. చాలాసేపయ్యాక ఒక్కసారిగా గుంపుగా వచ్చి పడతాయి. అంతే, అందరూ నేరుగా ఎంజిన్‌ఎక్స్ (బ్రౌజర్‌కీ అప్లికేషన్‌కీ మధ్య ఉండే ప్రాక్సీ సర్వర్) సెట్టింగుల ఫైలు తెరిచి కూర్చుంటారు.

ముందు ఆ ఫైలు మూసేయండి. మధ్యలో ప్రాక్సీ లేకుండా అప్లికేషన్ పోర్టుకే నేరుగా కర్ల్ (కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్ పంపే టూల్) కొట్టండి. హైఫన్ పక్కన పెద్ద ఎన్ పెట్టడం మరిచిపోవద్దు, లేకపోతే కర్ల్ తనే అవుట్‌పుట్‌ని బఫర్ చేసి మిమ్మల్ని ఇంకా తికమక పెడుతుంది. రెండు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి ప్రాక్సీ సెట్టింగులతో రోజంతా కుస్తీ పట్టినవాళ్ళని ఎంతమందిని చూశానో లెక్కే లేదు. నేరుగా కొట్టినప్పుడు వరుసలు ఒక్కొక్కటిగా వస్తే తప్పు ప్రాక్సీది. అక్కడా గుంపుగానే వస్తే తప్పు మీ కోడ్‌లోనే ఉంది, ప్రాక్సీని వదిలేయండి.

ఇప్పుడు ఆ గుంపులో ఎన్ని వరుసలున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టండి. ప్రతిసారీ సరిగ్గా పది వస్తున్నాయా? అయితే కారణం దొరికినట్టే.

పదేసి వస్తుంటే

థైమ్‌లీఫ్‌కి ఫ్లక్స్‌ని (ఒకదాని తర్వాత ఒకటిగా డేటా వచ్చే ప్రవాహాన్ని) ఇవ్వడానికి దాన్ని రియాక్టివ్‌డేటాడ్రైవర్‌కాంటెక్స్ట్‌వేరియబుల్ అనే క్లాసులో చుట్టి మోడల్‌లో పెడతాం కదా, దానికి రెండో ఆర్గ్యుమెంట్ ఒకటుంది: బఫర్ సైజు. అది బైట్లలో కాదు, ఎలిమెంట్లలో. మనం ఏమీ ఇవ్వకపోతే డిఫాల్ట్‌గా 10 తీసుకుంటుంది. అంటే ఫ్లక్స్ నుంచి పది ఎలిమెంట్లు పోగయ్యేదాకా థైమ్‌లీఫ్ టెంప్లేట్‌ని ముందుకి నడపదు. తొమ్మిది వచ్చి పదోది రాకపోతే ఆ తొమ్మిదీ మెమరీలోనే ఉండిపోతాయి. ఎర్రర్ రాదు, లాగ్‌లో హెచ్చరిక ఉండదు. ఎందుకంటే దాని లెక్కలో అది తప్పే కాదు, చెప్పిన పనే చేస్తోంది.

నేను దీనితో రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఒక మానిటరింగ్ పేజీ, కొత్త హెచ్చరిక వచ్చినప్పుడల్లా టేబుల్‌లో ఒక వరుస చేరాలి. నా మెషీన్‌లో 100 మిల్లీసెకన్లకొకటి చొప్పున నకిలీ డేటా పంపి చూశాను, టేబుల్ సెకనుకోసారి కదిలింది, బాగానే ఉందనుకున్నాను. సెకనుకి పది పంపిస్తుంటే టేబుల్ సెకనుకోసారి మాత్రమే ఎందుకు కదులుతోందని అప్పుడే అడగాల్సింది. ప్రొడక్షన్‌లో హెచ్చరికలు ఐదారు నిమిషాలకొకటి వచ్చేవి. అంటే మొదటిది తెర మీద కనబడేసరికి దాదాపు గంట. టెన్షన్ పడి ప్రాక్సీ, టైమౌట్లు, కంప్రెషన్ అన్నీ మార్చాను. చివరికి కర్ల్ ముందు కూర్చుని చూస్తే, ఖాళీగా మెరుస్తున్న కర్సర్, చాలాసేపటికి టప్పున పది టీఆర్‌లు (టేబుల్ వరుసల ట్యాగులు), మళ్ళీ ఖాళీ. అప్పుడు లెక్కపెట్టాను.

టెస్టుల్లో ఇది ఎందుకు దొరకదో కూడా తెలుసుకోండి. టెస్టులో మూడు ఎలిమెంట్ల ఫ్లక్స్ ఇస్తాం, అది వెంటనే పూర్తవుతుంది. ఫ్లక్స్ పూర్తవగానే బఫర్‌లో మిగిలినవన్నీ బయటికి వచ్చేస్తాయి, కాబట్టి టెస్ట్ పాస్. అసలు సమస్య పూర్తికాని ఫ్లక్స్‌తోనే. అందుకే మూడు పంపి, ఆ తర్వాత ఎప్పటికీ ముగియకుండా ఉండే ఫ్లక్స్‌తో ఒక టెస్ట్ రాయండి, మొదటి వరుస వెంటనే వచ్చిందో లేదో అది చెబుతుంది.

పరిష్కారం ఒక్క అంకె: రెండో ఆర్గ్యుమెంట్‌గా 1 ఇవ్వండి. అయితే అన్నిచోట్లా 1 పెట్టేయకండి. వేల వరుసలున్న మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీని ఇదే పద్ధతిలో పంపుతుంటే ఒక్కో వరుసకీ ఒక ఫ్లష్ (వెంటనే బయటికి పంపడం) అనవసరం, అక్కడ పెద్ద బఫరే మంచిది. ఎప్పుడో ఒకటి వచ్చే ఈవెంట్లకి మాత్రం 1 తప్ప వేరే మాట లేదు.

గుంపులో లెక్క ప్రతిసారీ మారుతుంటే

ఒకసారి 23, ఇంకోసారి 31 ఇలా వస్తూ, నేరుగా కర్ల్ కొడితే మాత్రం బాగుంటే, అది ప్రాక్సీ బఫర్. అది బైట్లు నిండేదాకా ఆగుతుంది, అందుకే వరుసల సంఖ్య స్థిరంగా ఉండదు. ఎంజిన్‌ఎక్స్‌లో ఆ ఒక్క లొకేషన్‌కి ప్రాక్సీ బఫరింగ్ ఆఫ్ చేయండి, లేదా అప్లికేషన్ నుంచే ఎక్స్-యాక్సెల్-బఫరింగ్ హెడర్‌ని నో అని పంపండి. నాకు రెండోదే ఇష్టం, సర్వర్ మారినా కోడ్‌తో పాటే వస్తుంది.

సరిగ్గా నిమిషానికి తెగిపోతుంటే

ఎంజిన్‌ఎక్స్ ప్రాక్సీ రీడ్ టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు. ఆ మధ్యలో ఒక్క బైటూ రాకపోతే కనెక్షన్ తెంచేస్తుంది. ఆ టైమౌట్‌ని పెంచండి. ఈవెంట్లు మీరే చేత్తో రాసి పంపుతుంటే కోలన్‌తో మొదలయ్యే కామెంట్ లైను ఒకటి 15 సెకన్లకోసారి పంపితే చాలు, బ్రౌజర్ దాన్ని పట్టించుకోదు, కనెక్షన్ మాత్రం బతికి ఉంటుంది.

అవే వరుసలు మళ్ళీ మళ్ళీ వస్తుంటే

మీ ఫ్లక్స్ ముగుస్తోంది. సర్వర్ కనెక్షన్ మూయగానే ఈవెంట్‌సోర్స్ (బ్రౌజర్‌లో ఎస్ఎస్ఈ అందుకునే ఆబ్జెక్ట్) తనంతట తానే మళ్ళీ కనెక్ట్ అవుతుంది, మళ్ళీ మొదటి నుంచి అన్నీ వస్తాయి. పని అయిపోయినప్పుడు జావాస్క్రిప్ట్‌లో క్లోజ్ పిలవండి, లేదా తిరిగి వచ్చిన రిక్వెస్ట్‌కి సర్వర్ 204 (పంపడానికేమీ లేదనే స్టేటస్ కోడ్) ఇవ్వాలి, అప్పుడు అది ప్రయత్నం మానుతుంది.

కర్ల్‌లో అంతా వస్తోంది, పేజీలో ఏమీ లేదు

డేటా డ్రైవర్‌కి ఈవెంట్ ప్రిఫిక్స్ ఇచ్చారేమో చూడండి. ఇస్తే ఈవెంట్ పేరు మారిపోతుంది, ఆన్‌మెసేజ్ దాన్ని పట్టదు, ఆ పేరుతోనే యాడ్‌ఈవెంట్‌లిజనర్ పెట్టాలి. కన్సోల్‌లో మైమ్ టైప్ గురించి ఎర్రర్ ఉంటే ప్రొడ్యూసెస్‌లో టెక్స్ట్/ఈవెంట్-స్ట్రీమ్ మరిచారు. డేటా బదులు టెంప్లేట్ పేరే వస్తుంటే కంట్రోలర్ బదులు రెస్ట్‌కంట్రోలర్ పెట్టారు.

ఏడో ట్యాబ్ తెరిస్తే పేజీ వేలాడుతుంటే, హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్ ఒక్కో డొమైన్‌కి ఆరు కనెక్షన్లే ఇస్తుంది కాబట్టి హెచ్‌టీటీపీ 2కి మారండి. ఇక జిజిప్ కంప్రెషన్ సంగతి, ఎవరైనా పనిగట్టుకుని ఈవెంట్-స్ట్రీమ్‌ని కంప్రెషన్ జాబితాలో చేర్చి ఉంటే తీసేయండి, చేర్చకపోతే దాని జోలికి పోవద్దు.