పాత మారుతి 800కు అదనపు మీటర్లు: ఎంపిక, అమరిక

మారుతి 800 డాష్‌బోర్డులో వేగానికి, పెట్రోలుకు, ఇంజన్ వేడికి మీటర్లున్నాయి గాని, ఆయిల్ ఒత్తిడికి, ఛార్జింగుకు ఎర్రదీపాలే ఆధారం. ఆయిల్ దీపాన్ని వెలిగించే స్విచ్చు సాధారణంగా ఒత్తిడి 0.2 నుంచి 0.5 బార్‌ (ఒత్తిడి కొలమానం) వరకు పడిపోతే గాని పనిచేయదు. రోడ్డు మీద నడుస్తున్న ఇంజన్‌లో ఉండవలసిన ఒత్తిడి దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, దీపం కంటపడే సరికి బేరింగులకు నష్టం మొదలై ఉంటుంది. ఈ కారు ఉత్పత్తి 2014 జనవరిలో ఆగిపోయింది. అంటే ఇప్పుడు తిరుగుతున్న ప్రతి 800 పదేళ్లు దాటినదే, చాలావాటి ఇంజన్లు ఒకసారైనా విప్పి బిగించినవే. అటువంటి ఇంజన్‌ను ఇంకా కొన్నేళ్లు నడుపుకోవాలనుకునేవారికి అంకెలు చూపే మీటరు అలంకారం కాదు, అవసరం.

అమర్చుకోదగినవి మూడు: ఆయిల్ ఒత్తిడి మీటరు, డిగ్రీలు చూపే ఉష్ణోగ్రత మీటరు, వోల్టు మీటరు. ఒక్కటే కొనగలిగితే ఆయిల్ మీటరే కొనమంటాను, ఎందుకంటే వేడి సంగతి కొంతవరకైనా ఉన్న ముల్లు చెబుతుంది. అయితే ఆ ముల్లు మీద డిగ్రీలు లేవు. ఈ ఇంజన్ హెడ్డు, అంటే సిలిండర్ల పైన బిగించే భాగం, అల్యూమినియంది, అతిగా వేడెక్కితే వంగుతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడ ట్రాఫిక్‌లో 90 డిగ్రీలకూ 105కూ తేడా తెలియడం ఎంతో విలువైనది. కరెంటు ఎంత పారుతోందో చూపే పాత పద్ధతి అమ్మీటరు మాత్రం వద్దు. కారు కరెంటంతా దాని గుండానే పోవాలి కనుక డాష్‌బోర్డు వెనక్కి లావు వైర్లు లాగాల్సి వస్తుంది, అక్కడ ఒక్క కనెక్షన్ వదులైనా వేడెక్కి మంట పుట్టే ప్రమాదం ఉంది. బ్యాటరీ, ఆల్టర్నేటర్ల పరిస్థితి తెలుసుకోవడానికి వోల్టు మీటరు చాలు.

ఆయిల్ మీటర్లలో ఇంజన్ నుంచి సన్నని గొట్టం ద్వారా ఆయిల్‌ను నేరుగా మీటరు దాకా తెచ్చేవి ఉన్నాయి. అవి కచ్చితంగానే చూపుతాయి, కాని ఆ గొట్టం పగిలితే బాగా వేడెక్కిన ఆయిల్ డ్రైవరు కాళ్ల మీద పడుతుంది. అందుచేత ఇంట్లోవాళ్లు ఎక్కే కారుకు విద్యుత్ మీటరే సరైనది. ఇందులో ఇంజన్‌కు బిగించే సెన్సార్ తన నిరోధాన్ని మార్చుకుంటుంది, మీటరు దాన్ని ముల్లు కదలికగా చూపుతుంది. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ప్రతి మీటరూ ఒక నిర్దిష్ట నిరోధ శ్రేణికి తయారవుతుంది, ఉదాహరణకు వీడీఓ కంపెనీ ఆయిల్ మీటర్లకు వాడే సెన్సార్ 10 నుంచి 180 ఓముల మధ్య పనిచేస్తుంది. ఒక చోట మీటరు, ఇంకో చోట సెన్సార్ కొంటే ముల్లు కదులుతుంది గాని అది చూపేది అబద్ధం. రెండూ జతగా కొనాలి. ఉష్ణోగ్రత జతనైతే బిగించకముందే ఇంట్లో పరీక్షించవచ్చు: సెన్సార్ ఒంటిని బ్యాటరీ ఎర్త్‌కు కలిపి, కొసను గిన్నెలోని నీళ్లలో ఉంచి, మీటరుకు 12 వోల్టులిచ్చి నీళ్లు మరగనిస్తే ముల్లు 100 దగ్గర నిలవాలి.

తరువాత చూడవలసినది మర. జపాన్ సంప్రదాయంలో వచ్చిన సుజుకీ ఇంజన్ల ఆయిల్ స్విచ్చుకు సాధారణంగా అంగుళానికి 28 చుట్లున్న బ్రిటిష్ టేపర్ మర (కొసకు సన్నబడే మర) ఉంటుంది, అమెరికన్ మీటర్లతో వచ్చే సెన్సార్లకు 27 చుట్లు. ఒక్క చుట్టే తేడా కనుక మొదటి రెండు మూడు తిప్పులు సాఫీగా ఎక్కి ఆపైన పట్టేస్తాయి, బలవంతం చేస్తే ఇంజన్ రంధ్రమే పాడవుతుంది. పాత స్విచ్చును విప్పి దుకాణానికి తీసుకెళ్లి సరిపోల్చుకోవడమే మంచిది.

పాత హెచ్చరిక దీపాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకూడదు. ఇంగ్లీషు T ఆకారంలో ఉండే ఇత్తడి టీ ముక్క ఒకటి బిగించి, ఒక కొమ్మకు పాత స్విచ్చును, మరో కొమ్మకు కొత్త సెన్సార్‌ను అమర్చాలి. కొన్ని సెన్సార్లలో దీపానికి కూడా వేరే టెర్మినల్ ఉంటుంది, అప్పుడు టీ అక్కరలేదు. మూడు సిలిండర్ల ఇంజన్ అదురు ఎక్కువ కనుక, డబ్బాలాంటి బరువైన సెన్సార్ టీ మీద వేలాడుతుంటే కొన్ని నెలలకు ఇత్తడి మెడ విరుగుతుంది. చిన్న ప్రెషర్ హోస్‌తో సెన్సార్‌ను బాడీకి బిగిస్తే ఆ బెడద ఉండదు, కాని అప్పుడు దాని ఒంటికి విడిగా ఎర్త్ వైరు ఇవ్వాలి. నేరుగా ఇంజన్‌కు బిగించే ఒకే టెర్మినల్ సెన్సార్ మర మీద టెఫ్లాన్ టేపు మందంగా చుట్టకూడదు, ఎర్త్ అందేది ఆ మర ద్వారానే. నేను మొదటిసారి లీకు భయంతో నాలుగు చుట్లు చుట్టి, ముల్లు ఎందుకు ఊగుతోందో తెలియక రెండు రోజులు వైర్లన్నీ వెతికాను.

ఉష్ణోగ్రత సెన్సార్‌కు, రేడియేటర్ పై హోస్‌ను కోసి మధ్యలో బిగించే అల్యూమినియం అడాప్టర్ సులువైన మార్గం. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి. అడాప్టర్‌కు రెండు వైపులా రబ్బరే కనుక దానికీ ఎర్త్ వైరు తప్పనిసరి. ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కు నీటిని వదిలే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఈ మీటరు నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఒక ముఖ్యమైన జాగ్రత్త: కూలెంట్ కారిపోయి సెన్సార్ గాలిలో మిగిలిపోతే, ఇంజన్ మాడుతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. నడుస్తుండగా ఉష్ణోగ్రత అకస్మాత్తుగా తగ్గితే సంతోషించక, బండి ఆపి చూడాలి.

ఈ మీటర్లలో ఎక్కువగా దొరికే వ్యాసం 52 మిల్లీమీటర్లు. డాష్‌బోర్డుకు రంధ్రాలు చేయవద్దు, అది మళ్లీ దొరకదు. అడుగున రెండు స్క్రూలతో నిలిచే రేకు పట్టీ చాలు, మోకాలికి, గేరు రాడ్డుకు తగలకుండా చూసుకోవాలి.

వైరింగ్‌కు ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. ప్రతి మీటరుకూ ఇగ్నిషన్ కరెంటు, ఎర్త్ కావాలి, లోపలి బల్బుకు పార్కింగ్ లైటు వైరు నుంచి కరెంటు తీసుకోవాలి, వోల్టు మీటరుకు తప్ప మిగిలినవాటికి సెన్సార్ వైరు అదనం. కరెంటు తీసుకున్న చోటనే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఇంజన్ గదిలోంచి వైరు లోపలికి వచ్చే రంధ్రానికి రబ్బరు బుష్ లేకపోతే రేకు అంచు వైరును కోస్తుంది. పాత ఇగ్నిషన్ స్విచ్చులో అరవోల్టు దాకా నష్టం ఉండవచ్చు కనుక, వోల్టు మీటరు చూపినదాన్ని ఒకసారి బ్యాటరీ దగ్గర మల్టీమీటరుతో పోల్చి తేడా గుర్తుంచుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టు. 15 దాటితే ఆల్టర్నేటర్ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌ను అనుమానించాలి.

మొదటి వారం చల్లని స్టార్టులోను, 60 కిలోమీటర్ల వేగంలోను, వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడూ మూడు మీటర్ల అంకెలు కాగితం మీద రాసుకోవాలి. వేడి ఇంజన్ ఐడిల్‌లో ఆయిల్ ఒత్తిడి తగ్గడం సహజమే. నెలల తరబడి అదే స్థితిలో అదే అంకె క్రమంగా దిగుతుంటే మాత్రం మెకానిక్‌కు చూపించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక టీ ముక్క చుట్టూ శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆయిల్ చెమ్మ కనిపిస్తే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పావు చుట్టు మాత్రమే బిగించాలి.