ముహూర్తానికి ముందు ఫొటోగ్రాఫర్ చూసుకోవాల్సినవి

రెండు కెమెరాల్లో గడియారం సెకన్లతో సహా ఒకటే ఉండాలి. లేకపోతే ఆల్బమ్ వరసలో తలంబ్రాలు జీలకర్ర బెల్లం కంటే ముందొస్తాయి.

పాత ఫొటోలు రెండుచోట్ల కాపీ అయ్యాకే కార్డును కెమెరాలో ఫార్మాట్ చేయండి. రెండు స్లాట్లుంటే ప్రతి ఫొటో రెండింట్లోనూ పడేలా పెట్టండి.

మండపంలో ఎల్‌ఈడీ లైట్లుంటే షట్టర్ వేగం 1/100 సెకను దగ్గర పెట్టి చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దానివల్ల చాలా లైట్లు కంటికి తెలియకుండా సెకనుకు వందసార్లు మిణుకుతాయి. వేగం పెంచితే చారలు పడొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, పురోహితుణ్ణి ముందే కలవండి. జీలకర్ర బెల్లం అడ్డుతెర ఉండగానే పెట్టిస్తారు. తెరకు పక్కగా, ఇద్దరి తలలూ చేతులూ కనిపించేచోట నిలబడండి. ఆ చోటు గురించి వీడియోవాళ్లతో ముందే మాట్లాడుకోండి. మళ్లీ పెట్టమని మాత్రం అడగకండి, వధూవరులకు అది సుముహూర్తం.

తలంబ్రాలప్పుడు లెన్స్ మార్చొద్దు, పసుపు బియ్యం లోపల పడతాయి.